చెమర్చే కుండ, చెమర్చని జాడీ

మా ఇంట్లో మంచినీళ్ల కుండ కింద ఇసుక ఏడాది పొడుగునా తడిగానే ఉండేది. ఎండాకాలం రాగానే ఆ తడి ఇసుకలో నాయనమ్మ మెంతులు చల్లేది. నాలుగైదు రోజులకు మొలకలొచ్చేవి, ఇంకొన్నాళ్లకు పప్పులోకి ఓ గుప్పెడు ఆకు దొరికేది. కుండ కారుతోందని ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు. చెమర్చడం ఆగిపోయిన కుండనే తీసేసేవాళ్లు. "ఇది చెమటలు పోస్తలేదు, ఇగ నీళ్లు సల్లగుండయి" అని నాయనమ్మ దాన్ని గద్దె మీద నుంచి దించి, చింతపండు దాచడానికో కోళ్లకు నీళ్లు పెట్టడానికో మార్చేసేది.

అదే ఇంట్లో, వెనక చీకటి అర్రలో తొక్కు జాడీలు ఉండేవి. వాటి మీద కాస్త చెమ్మ తగిలినా అమ్మ ఊరుకునేది కాదు. జాడీ చెమర్చకూడదు, కుండ చెమర్చాలి. కందిలి (లాంతరు) గ్లాసు వెలుగును పోనివ్వాలి, గాలిని ఆపాలి. నాయన డ్యూటీలో కరెంటు స్తంభాల మీద బిగించే పింగాణీ చిప్పలు కరెంటును ఆపాలి. ఏ వస్తువు దేన్ని పోనిస్తుంది, దేన్ని ఆపుతుంది అన్నదాన్ని బట్టే మా ఇంట్లో దాని చోటు, దాని పని నిర్ణయమయ్యేవి. దేవరకొండ పక్కన మాది చిన్న పల్లె. గూనపెంకల ఇల్లు. నాయనమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఈ లెక్కలు ఆమెకు తెలిసినంత బాగా నాకు చాలా ఏళ్ల వరకు తెలియలేదు. ఆమె చేసినవాటి వెనక ఉన్న కారణాలు తర్వాత చదువులో ఒక్కొక్కటిగా ఎదురైనప్పుడల్లా ఆ ఇల్లే గుర్తొచ్చేది. అందుకే ఇవి రాసిపెడుతున్నాను.

కుండ సంగతి ముందు. మన వాములో, అంటే కుమ్మరి బట్టీలో, కాలిన కుండ గోడ నిండా కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. లోపలి నీళ్లు వాటిగుండా మెల్లగా బయటికొచ్చి, గాలి తగలగానే ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరి కావాలంటే చాలా వేడి కావాలి, ఆ వేడిని కుండ నుంచి, లోపలున్న నీళ్ల నుంచి లాక్కుంటాయి. ఒక లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్లు ఆవిరైపోతే, బయటి వేడి లోపలికి చొరబడకపోయిన పక్షంలో మిగిలిన నీళ్ల వేడి ముందున్నదానికంటే సుమారు 11, 12 డిగ్రీలు తగ్గగలదు. నిజానికి బయటి వేడి కొంత వస్తూనే ఉంటుంది కాబట్టి అంత పూర్తిగా జరగదు, కానీ గ్లాసెడు నీళ్లు కూడా పోకుండా కుండెడు నీళ్లు ఎట్లా చల్లబడతాయో దీంతో అర్థమవుతుంది.

ఇది మన నల్లగొండ ఎండకు సరిగ్గా సరిపోయిన ఏర్పాటు. మనది పొడి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ ఉండదు, వడగాడ్పు కొడుతుంది. ఆ గాడ్పే కుండ మీది చెమ్మను ఎగరేసుకుపోతుంది. మా మేనత్తను కోస్తా వైపు ఇచ్చారు. వేసవిలో పుట్టింటికి వచ్చినప్పుడల్లా ముందు కుండ దగ్గరికి పోయి ముంతెడు నీళ్లు తాగి, "మా దగ్గర గింత సల్లగ కావు వదినె" అని అమ్మతో అనేది. అక్కడి ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, కుండ మీది నీళ్లు ఆవిరయ్యేదెక్కడ? మా ఇంట్లో కూడా వానాకాలం ముసురు పడితే కుండ నీళ్లు మామూలుగానే ఉండేవి. నాయనమ్మ కుండను ఇంట్లో మూలకు పెట్టేది కాదు, రెండు దర్వాజలకు ఎదురుగా, గాలి పారే చోట, నీడలో పెట్టేది. చుట్టూ తడి గోనెపట్టా కప్పేది.

కుమ్మరి తాత ఇల్లు మా వాడకు చివర, చెరువు కట్ట దిగే దారిలో ఉండేది. చెరువు ఎండినప్పుడు బండ్ల మీద మన్ను తెచ్చి కుప్ప పోసుకునేవాళ్లు. ఒట్టి నల్లరేగడి కుండకు పనికిరాదు. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఎండకు నెర్రెలిచ్చిన రేగడి చేను చూసినవాళ్లకు ఆ గుణం చెప్పక్కర్లేదు. అందుకే చెరువు మన్నులో ఎర్రమన్ను, సన్నని ఇసుక, బూడిద కలిపి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి తొక్కి మెత్తగా చేసేవాళ్లు. ఆ తొక్కే పని ఆడవాళ్లది కూడా. కుండ పేరు చెప్పగానే అందరూ సారె మీద తిరిగే చేతులనే తలుచుకుంటారు. మన్ను దగ్గర పడిన కష్టం ఎవరికీ గుర్తుండదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

సారె మీద కుండ పూర్తి కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. సారె మీద మూతి, మెడ, భుజం వస్తాయి. గోడ మందంగానే ఉంటుంది, అడుగు ఇంకా మూసుకోదు. కొంచెం ఆరనిచ్చాక తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో లోపల గుండ్రాయి ఆనించి, కుడి చేత్తో బయట నుంచి చెక్కతో కొట్టేవాడు. కొడుతూ తిప్పుతూ, తిప్పుతూ కొడుతూ ఉంటే గోడ పల్చబడుతూ పొట్ట పెరిగేది, అడుగు మూసుకుపోయేది. చెక్కకు పచ్చిమట్టి అంటకుండా మధ్య మధ్య బూడిద అద్దేవాడు. మొదట్లో దబ్ దబ్ మని బరువుగా ఉండే చప్పుడు, గోడ పల్చబడేకొద్దీ తేలికయ్యేది. ఆయన కళ్లు కుండ మీద ఉండేవి కావు. మాతో మాట్లాడుతూనే, ఆ చప్పుడు విని ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవాడు. అయిపోయాక నీడలో ఆరబెట్టేవాళ్లు. ఎండలో పెడితే పైన తొందరగా ఆరి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది.

వాము పెట్టే రోజు వాడంతా పొగ. కింద కట్టెలు, పిడకలు, మధ్య కుండలు, పైన గడ్డి, దాని మీద మట్టి పూత. మన్నులో రెండు రకాల నీళ్లుంటాయి. ఒకటి మనం కలిపింది, అది 100 డిగ్రీలు దాటేసరికి పోతుంది. రెండోది మన్ను అణువుల్లోనే కట్టుబడి ఉన్నది, అది సుమారు 500, 600 డిగ్రీల దగ్గర విడిపోతుంది. అది పోయిన తర్వాత ఆ మన్నును ఎన్నేళ్లు నానబెట్టినా మళ్లీ బురద కాదు. ఊరి వాముల్లో వేడి మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది. మన్ను గట్టిపడటానికి ఆ వేడి చాలు, కరిగి రంధ్రాలు పూడుకుపోవడానికి చాలదు. నీళ్ల కుండకు కావలసింది సరిగ్గా అదే. ఇంకా ఎక్కువ కాలిస్తే ఇంకా మంచి కుండ వస్తుందనుకోవద్దు, చల్లబరిచే గుణమే పోతుంది.

కుండ కొనేటప్పుడు నాయనమ్మ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టి వినేది. నా చేత కూడా కొట్టించేది. "మోగాలె బిడ్డా, మోగకుంటే యాడనో బీటున్నట్టు." కంటికి కనపడని బీట ఉన్నా అక్కడ కంపనం ఆగిపోయి మొద్దుగా వినిపిస్తుంది. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. పింగాణీ కప్పుకూ గాజు గ్లాసుకూ కూడా ఇదే పరీక్ష.

వంటకు అటికెలు వేరే. వాటిలో ఇసుక పాలు కొంచెం ఎక్కువ. పొయ్యి మీద అడుగు ఒక్కసారిగా వేడెక్కి, అంచు ఇంకా చల్లగా ఉన్నప్పుడు గోడలో లాగుడు పుడుతుంది. నున్నటి ఒకే ముద్దగా ఉన్న గోడైతే పగులు ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తుతుంది. ఇసుక రేణువులు, రంధ్రాలు ఉన్న గోడలో ఆ పగులు ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. కొత్త అటికెను ఒక రోజు నీళ్లలో నానబెట్టి, తర్వాత అందులో గంజి కాచి పారబోసేవాళ్లు. గంజిలోని పిండి రంధ్రాల్లో చేరి వాటిని కొంత పూడుస్తుంది, ఆ తర్వాత పులుసు పోసినా ఊరదు. పెరుగు తోడుపెట్టే గురిగిని మాత్రం అట్లా చేయరు. అది పెరుగులోని నీటిని పీల్చుకోవాలి, అప్పుడే గడ్డ పెరుగు. గౌండ్ల కాక ఈతచెట్టుకు కట్టే లొట్టికి కూడా ఈ రంధ్రాలతోనే పని. వాటిలో నిలిచిన పాత కల్లు ఈస్టు వల్ల కొత్త కల్లు తొందరగా పొంగుతుంది.

కుమ్మరి తాతకు మేం డబ్బులివ్వడం నేను తక్కువగా చూశాను. పంట కల్లంలోకి వచ్చినప్పుడు ఆయన మేర, అంటే ఆయన వంతు గింజలు, ఆయనకు కొలిచేవాళ్లు. ఉగాదికి కొత్త కుండ ఆయనే తెచ్చిచ్చేవాడు. మన వైపు ఉగాది పచ్చడి చెంచాతో నాకేది కాదు, కుండలో కలిపి గ్లాసులతో తాగేది కదా. కొత్త కుండ వాసన, చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, వేప్పూత. ఆ వాసన కోసమైనా కొత్త కుండ కావాలి. పెండ్లికి ఐరేని కుండలు, బోనాలకు బోనం కుండ. సావుకు కూడా కుండే.

ఊరి అవతల గుట్ట కింద రాకాసి గుళ్లు ఉండేవి. పెద్ద పెద్ద రాళ్లు గుండ్రంగా పాతి ఉన్న సమాధులు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇట్లాంటివి చాలా చోట్ల ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువు రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. మా పిల్లలకు అవి మేకలు కాసేటప్పుడు ఆడుకునే జాగా. దున్నినప్పుడు పెంకులు బయటపడేవి, లోపలి వైపు, మూతి దగ్గర నిగనిగలాడే నలుపు, కింది వైపు ఎరుపు. రంగు పూశారనుకునేవాళ్లం. రంగు కాదు. మన్నులో ఇనుము ఉంటుంది. కాలేటప్పుడు గాలి బాగా తగిలితే ఆ ఇనుము ఎర్రబడుతుంది, గాలి అందక పొగలో మగ్గితే నలుపెక్కుతుంది. కుండను బోర్లించి, మూతిని బూడిదలోనో ఊకలోనో కూరి కాలిస్తే ఒకే కుండకు రెండు రంగులు వస్తాయని పండితులు అంటారు. మా కుమ్మరి తాత కూడా నల్ల కుండలు కావాలంటే వాము రంధ్రాలు మూసి పొగను లోపలే ఆపేవాడు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ పెంకు ముక్కకు, ఆయన వాముకు మధ్య పద్ధతి పెద్దగా మారలేదు.

సూర్యాపేట వైపు ఫణిగిరిలో 2024లో తవ్వినప్పుడు ఒక చిన్న మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలానివి. అదే తవ్వకాల్లో గాజు పూసలు కూడా బయటపడ్డాయి. ఆ వార్త చదివిన రోజు నాకు నాణేల కంటే కుండ మీదే ధ్యాస పోయింది. ఇనుము తుప్పు పడుతుంది, కట్టె చెదలు తింటుంది, బట్ట మట్టిలో కలుస్తుంది. కాలిన మన్ను, గాజు మాత్రం ఉంటాయి.

ఇక జాడీలు. మామిడికాయ తొక్కు పెట్టే రోజు మా ఇంట్లో పెద్ద పండుగే. పెద్దమ్మ ముందు రోజే వచ్చేది. జాడీలు కడిగి, ఎండలో బోర్లించి, లోపల తడి ఆరిందా లేదా అని పొడిబట్ట పెట్టి తిప్పి చూసేది. పైభాగం గోధుమ రంగు, కింది భాగం పాల రంగు, మెడ దగ్గర గుండ్రటి అంచు. తొక్కు నింపి, పైన నూనె పోసి, తెల్లబట్టతో వాసెన కట్టి చీకటి అర్రలో పెట్టేవాళ్లు. జాడీ కూడా మట్టిదే. కానీ అది 1,200 డిగ్రీలు దాటిన వేడి చూసింది. ఆ వేడిలో మట్టి కొంత కరిగి రేణువుల మధ్య సందులు పూడుకుపోతాయి. దాని మీద మెరిసే పూత అచ్చంగా గాజే. కొన్ని రకాల జాడీలకు ఆ పూత ఎట్లా వేస్తారో తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది. బట్టీ ఎర్రగా కాగుతున్నప్పుడు లోపలికి ఉప్పు విసురుతారు, మనం కూరలో వేసే ఉప్పే. ఆ వేడికి ఉప్పులోని సోడియం ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి జాడీ ఒంటి మీదే గాజై కూర్చుంటుంది.

తొక్కులో ఉప్పు, పులుపు, నూనె, కారం అన్నీ ఉంటాయి, ఏడాది పాటు. సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలో పెడితే పులుపు ఆ గిన్నెనే తింటుంది. ఇత్తడిలో చిలుమెక్కుతుంది. గాజు పూత మాత్రం వేటికీ లొంగదు. ఒక జాడీ అంచు దగ్గర పూత లేచిపోతే అమ్మ దాన్ని తొక్కుకు వాడటం మానేసి ఉప్పు పోసుకుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తక్కువ వేడికే మెరుపు రావాలని పూతలో సీసం కలిపిన సామాన్లు కూడా ఉంటాయి. పులుపు తగిలితే ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది. అలంకారానికి అమ్మే రంగురంగుల మట్టి గిన్నెల్లో పులుసు, తొక్కు పెట్టకండి. తిండి కోసం చేసినదేనా అని అడిగి కొనండి.

కందిలి గ్లాసు తుడవడం పిల్లల పని. చిన్న చేయి అయితేనే అందులో దూరుతుంది. పొద్దు గూకే ముందు గ్లాసు తీసి, జల్లించిన పిడకల బూడిద చిటికెడు వేసి, పాత ధోతి గుడ్డతో లోపల గుండ్రంగా తిప్పాలి. వత్తి వంకరగా ఉన్న రోజు ఒక పక్క మసి మెడ దాకా పట్టేది. ఆ మసి పోవాలంటే రెండో గుడ్డ కావాలి. తర్వాత ఆకాశం వైపు పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూడాలి, ఒక్క వేలిముద్ర కూడా ఉండకూడదు. గ్లాసు పెట్టకముందు మంట పసుపుగా, ఊగుతూ, పొగ చిమ్ముతూ ఉండేది. గ్లాసు దించగానే నిలబడి తెల్లబడేది. గాలిని ఆపడం ఒక్కటే కాదు, గ్లాసు గొట్టంలో వేడి గాలి పైకి లేచి కింద నుంచి కొత్త గాలిని లాగుతుంది, మంటకు ఊపిరి సరిగ్గా అందుతుంది.

ఆ గ్లాసు కాగితమంత పల్చన. మండుతున్నప్పుడు ఒక్క నీటి చుక్క పడితే టప్‌మని చీలేది. వేడి గాజులో తొందరగా పాకదు. చుక్క పడిన చోటు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పక్కన ఉన్నది ముడుచుకోదు, ఆ లాగుడుకు గాజు తట్టుకోలేదు. మామూలు గాజు ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి 1,500 డిగ్రీల దగ్గర కరిగించి చేసేది. ఒట్టి ఇసుకే కరగాలంటే 1,700 కావాలి. సోడా కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది, కానీ ఆ గాజు నీళ్లలో కరిగిపోతుంది. సున్నం కలిపితే ఆ బలహీనత పోతుంది. కాలేజీలో చేరాక ప్రయోగశాలలో పరీక్షనాళికను మంట మీద పెట్టినప్పుడు అది పగలకపోవడం చూసి నాకు ముందు కందిలి గ్లాసులే గుర్తొచ్చాయి. బోరాన్ కలిపిన గాజు అది. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఓటో షాట్ రూపొందించింది. వేడికి మామూలు గాజు వ్యాకోచించేదాంట్లో దాదాపు మూడో వంతే వ్యాకోచిస్తుంది, అందుకే తట్టుకుంటుంది. ఇంట్లో మామూలు గ్లాసులో వేడి చాయ్ పోసేటప్పుడు మందపాటిది గట్టిదని నమ్మకండి. మందమైనదే ముందు పగులుతుంది, లోపలి పక్కకూ బయటి పక్కకూ తేడా ఎక్కువ కాబట్టి.

గాజు గుణం ఇంకోటి దేవరకొండలో పటాలు కట్టే షాపులో చూశాను. తాత ఫొటోకు పటం కట్టించడానికి నాయన వెంట పోయాను. షాపాయన అద్దం మీద కొలకర్ర పెట్టి, చిన్న చక్రమున్న కలం ఒక్కసారి గీశాడు, కర్ర్ మని. అద్దం తెగలేదు, గీత కూడా సరిగా కనపడలేదు. బల్ల అంచుకు ఆ గీతను ఆనించి రెండు చేతులతో నొక్కాడు, దారం పట్టినట్టు తిన్నగా విరిగింది. గాజు నొక్కుడును బాగా మోస్తుంది, లాగుడును మోయలేదు. ఆ లాగుడు ఎప్పుడూ ఉపరితలం మీద గీత ఎక్కడుందో వెతుక్కుంటుంది. గ్లాసులు పీచుతో, ఇసుకతో తోమొద్దని అమ్మ అనేది అందుకే.

మా ఇంటి గూనపెంకల మధ్య ఒక చోట, పొయ్యి అర్ర పైన, గాజు పలక ఒకటి పెట్టించాడు నాయన. పగలు దీపం అక్కర్లేకుండా వెలుగు పడేది. ఆ వెలుగు మచ్చ రోలు దగ్గరికొస్తే నాయనమ్మ బియ్యం కడిగేది. దేవరకొండ బస్టాండులో గోలీ సోడా గురించి కూడా రాయాలనిపిస్తోంది కానీ దాని గురించి అందరూ రాస్తున్నారు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు ఒత్తిడే గోలీని మూతి రబ్బరుకు అదిమి ఉంచుతుంది. ఆ ఆకుపచ్చ ఛాయ ఇసుకలో ఉన్న ఇనుముది.

నాయన కరెంటు లైన్‌మన్. ఇంటి వెనక సందులో పాత పింగాణీ సామాన్లు ఉండేవి, ఫ్యూజు కట్టలు, స్తంభాల మీది చిప్పలు, బిగించేటప్పుడు అంచు విరిగినవి. మేం వాటితో ఆడుకునేవాళ్లం. ఒకసారి వాన వెలిసిన సాయంత్రం నాయన ఒక చిప్పను తిరగేసి నాకు చూపించాడు. పైన మెరుస్తూ తడిగా ఉంది. కింద మడతల్లో వేలు పెట్టమన్నాడు, పొడిగా ఉంది. "తడిస్తే పైన తడుస్తది, కింద గొడుగుల లోపట తడవదు. కరెంటు తడి ఎంట పోతది. గీ పొడి జాగాల ఆగుతది." అంతకంటే బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒకదాని కింద ఒకటిగా మడతలు పెట్టేది కరెంటు పాకాల్సిన దారిని పొడుగు చేయడానికి. పైన మెరుపు పూత దుమ్ము పట్టకుండా, పట్టినా వానకు కడుక్కుపోయేందుకు. ఆ పింగాణీలో సన్నని బీట ఉండి తేమ దూరినా ఫలితం ప్రమాదమే, అందుకే అది కుండకు పూర్తిగా వ్యతిరేకం. తెల్ల బంకమన్ను, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్ కలిపి సుమారు 1,300 డిగ్రీల్లో కాలుస్తారు. ఫెల్డ్‌స్పార్ కరిగి గాజై ప్రతి సందునూ నింపుతుంది.

సాగర్ నుంచి వచ్చే పెద్ద లైన్ల మీద చిప్పలు దండలు దండలుగా వేలాడేవి. అట్లాంటి లైన్ల మీద కొన్ని చోట్ల గాజు చిప్పలు కూడా వాడతారు. నాయనకు గాజువంటే ఎక్కువ ఇష్టం. పింగాణీ లోపల చెడితే బయటికి తెలియదు. గాజు చిప్ప చెడితే మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది, కింద నిలబడి తల ఎత్తి చూస్తేనే ఎక్కడ పోయిందో కనిపిస్తుంది. మధ్యలోని ఇనుప ముక్క తీగను పట్టుకునే ఉంటుంది, తీగ కింద పడదు. స్తంభమెక్కి బతికే మనిషికి అది ఎంత పెద్ద సంగతో ఆయన గొంతులోనే తెలిసేది.

ఈ అన్నింటికీ ముడిసరుకు మన కాళ్ల కిందే ఉండేది. పలుగురాళ్లు చీకట్లో ఒకదానికొకటి రాపాడిస్తే లోపల వెలుగు మెరిసేది, అదొక ఆట మాకు. పాలమూరు జిల్లాలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ గనులున్నాయి. లారీల్లో తెల్లటి రాళ్లు పోతుంటే ఎక్కడికో అనుకునేవాళ్లం. గాజుకు, పింగాణీకి, ఇప్పుడు ఇళ్లలో పరిచే టైల్స్‌కు పోతాయి. మన ఉమ్మడి జిల్లాలోనే భువనగిరి దగ్గర గాజు సీసాలు తయారవుతాయి. పగిలిన సీసాలు పారేయకుండా పాత సామాన్ల వాళ్లకు ఇవ్వండి. గాజును ఎన్నిసార్లు కరిగించినా గుణం తగ్గదు, పాత గాజు ముక్కలు కలిపితే కొలిమికి ఇంధనం కూడా తక్కువ పడుతుంది. కుండ పెంకును మాత్రం మళ్లీ కుండ చేయలేం.

చివరికి నీళ్ల సంగతి చెప్పకుండా నల్లగొండ కుండ గురించి రాయడం నాకు చేతకాదు.

మా కుండలకు కొన్ని నెలల్లోనే బయట తెల్లగా పొర కట్టేది. గోకితే సున్నం లాంటి పొడి రాలేది. బోరు నీళ్లలో కరిగి ఉన్నది, నీళ్లు ఆవిరైపోయాక గోడ మీద మిగిలేది. అదే రంధ్రాలను పూడ్చేది, అందుకే మా దగ్గర కుండలు తొందరగా చెమర్చడం మానేసేవి. గాజు గ్లాసుల మీద కూడా మసక పట్టేది. మా వాళ్లందరూ దాన్ని ఫ్లోరిన్ అనేవాళ్లు. అది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. మన గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి భూమిలోని నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఎన్నో ఊళ్లలో అది దాటిపోయింది, ఆ ఊళ్ల మనుషుల కాళ్లు, నడుములు చూస్తే చాలు.

నాయనమ్మ కుండ కంటే శుభ్రమైన కుండ మా వాడలో లేదు. రోజూ కడిగేది, రెండు పొరల బట్టతో వడకట్టేది, మూత పెట్టేది. జబ్బు చేస్తే కాచి చల్లార్చి పోసేది. ఫ్లోరైడ్ బట్టలో ఆగదు. కాస్తే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. మామూలు కుండ గోడ కూడా దాన్ని తీసేయలేదు. తక్కువ వేడిలో కాల్చిన ఇటుక ముక్కలు కొంత పట్టుకుంటాయి, శ్రీలంకలో అట్లాంటి ఫిల్టర్లు వాడారు. మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. నీళ్లలో లెక్క ప్రకారం సున్నం, పటిక కలిపి బాగా తిప్పి వదిలేస్తే మడ్డి కిందికి దిగుతుంది, ఫ్లోరైడ్ దానితో పాటు పోతుంది, పైన తేటను తీసుకోవాలి. ప్రపంచంలో ఎక్కడెక్కడో చదువుకునే ఈ పద్ధతి మా ఇంటి దాకా మాత్రం రాలేదు. నాయనమ్మ చివరి ఏళ్లలో కింద కూర్చుంటే లేవలేకపోయేది. కుండలో నీళ్లు ముంచడానికి వంగలేక, ముంత మాకిచ్చి పోయించుకునేది. కెమిస్ట్రీ క్లాసులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునే తినేస్తుందని, దాన్ని ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలని లెక్చరర్ చెప్పిన రోజు నేను నోట్సు రాసుకోలేకపోయాను. మా నీళ్లలో ఉన్నది ఆ ఆమ్లం కాదని తెలుసు. అయినా చేతులు ఆడలేదు.

ఇప్పుడు ఊళ్లో తమ్ముడి ఇంటికి మిషన్ భగీరథ పథకం నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కుండా ఉంది. కృష్ణ నీళ్లు పోస్తున్నప్పటి నుంచి కుండకు తెల్లపొర తొందరగా కట్టడం లేదు. ఏడాది దాటినా చెమరుస్తోంది. అయినా మరదలు ఉగాదికి మార్చాలంటుంది, అత్తమ్మ మార్చేది కాబట్టి. మా ఊరి వాము ఆరిపోయి చాలా కాలమైంది, కుమ్మరి తాత మనుమళ్లు హైదరాబాదులో పని చేసుకుంటున్నారు. రోడ్డు పక్కన అమ్మే కుండలు అందంగా ఉన్నాయి కానీ చాలావాటికి రంగేశారు. రంగు రంధ్రాలను మూసేస్తుంది, అట్లాంటి కుండలో నీళ్లు చల్లబడవు. కల్వకుర్తి దారిలో ఒక ఊళ్లో ఇంకా వాము పెడుతున్నారని తమ్ముడు కనుక్కున్నాడు. పండుగకు ముందు వారం ఇద్దరం బండి మీద పోయి, కొట్టి చూసి, రెండు కుండలు, పప్పుకు ఒక అటికె తెచ్చుకుందామనుకున్నాం.